వాలు చూసి ఆపే బండ్లు

బస్తర్‌లో ఒక డ్రైవర్‌కు తన బండి మీద ఎంత నమ్మకం ఉందో తెలుసుకోవాలంటే అతన్ని అడగనక్కర్లేదు. బండి ఎక్కడ ఆపాడో చూస్తే చాలు. వాలు మీద, మూతి కిందికి పెట్టి, ముందు చక్రానికి రాయి అడ్డం పెట్టి ఆపాడంటే ఆ బండి సెల్ఫ్ బాగాలేదని అర్థం. రాయి తీస్తే బండి దొర్లుతుంది. దొర్లుతుండగా గేరు వేస్తే ఇంజను అందుకుంటుంది. ఆ వాలును మా వైపు ఏ భాషవాళ్ళయినా ఉతార్ అనే అంటారు. సంత రోజుల్లో ఉతార్ మీద చోటు కోసం డ్రైవర్లు కాలర్లు పట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. చదునుగా ఉన్న నేల పక్కనే ఖాళీగా పడి ఉండేది.

సెల్ఫ్ అంటే తాళం తిప్పగానే ఇంజనును మొదట తిప్పి లేపే మోటారు. పుస్తకాల్లో దాన్ని స్టార్టర్ మోటారు అంటారని నాకు అక్షరాలు వచ్చాక తెలిసింది. నేను పని చేసిన షెడ్లలో ఆ పేరు ఎవరూ పలకలేదు.

ఇప్పుడు పని మానేశాను. బండి కింద పడుకుంటే నడుము మళ్ళీ లేవనంటోంది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు, అందులోనూ ఆడపిల్లలు, ఇంటికి వచ్చి ఏవేవో అడుగుతుంటారు. షెడ్డు ఎలా పెట్టాలి, లైసెన్సు ఎవరిస్తారు అనేవి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చెప్పగలిగింది వేరు. సెల్ఫ్ లేవని బండి ముందు నిలబడినప్పుడు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో అంతవరకు చెబుతాను.

నోటితో చెప్పించండి

నా షెడ్డు మా బస్తర్ బీజాపూర్‌లో రోడ్డు పక్కన ఉండేది. ఒకే పూటలో హిందీ, హల్బీ, గోండీ, దోర్లీ, తెలుగు మాట్లాడే డ్రైవర్లు వచ్చేవాళ్ళు. అందరూ ఒకే మాట చెప్పేవాళ్ళు. హిందీవాళ్ళు "సెల్ఫ్ నహీ ఉఠా రహా" అనేవాళ్ళు. మనవాళ్ళు "సెల్ఫ్ ఎత్తుతలేదక్కా" అనేవాళ్ళు. ఈ ఎత్తడం అనే మాట ఎంతమందిని ముంచిందో చెప్పలేను. తాళం తిప్పితే అసలు చప్పుడే లేకపోయినా ఎత్తుతలేదు అంటారు. మోటారు మంచిగా తిరిగి, డీజిల్ అందక ఇంజను లేవకపోయినా అదే మాట అంటారు. మొదటిది నా పని. రెండోది డీజిల్ పంపు మిస్త్రీ పని. మాట నమ్మి మోటారు విప్పితే పూట పోతుంది, బండి అలాగే ఉంటుంది.

అందుకని నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరొచ్చినా, "తాళం తిప్పితే ఎట్ల అంటది? నోటితో చెయ్" అనేదాన్ని.

ఒకసారి భద్రాచలం వైపు లారీ డ్రైవర్ ఒకాయన వచ్చాడు. మీసాలు చెవుల దాకా ఉన్నాయి. లారీని దూరంగా రోడ్డు మీదే వదిలి నడిచి వచ్చాడు. నోటితో చెయ్యమంటే కోపం వచ్చింది.

"ఏంది, నేనేమన్న కోతినా?"

"కోతివి నువ్వు కాదు, నీ లారీ. అదెట్ల అరుస్తదో చెప్తే నేను రావాల్నో వద్దో తెలుస్తది."

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "జుయ్‌య్‌య్" అన్నాడు. నాకు అంతే చాలు. మోటారు తిరుగుతోంది గానీ ఇంజను పళ్ళచక్రాన్ని పట్టుకోవడం లేదు. పట్టుకోవలసిన చిన్న పళ్ళచక్రాన్ని మేము బెండిక్స్ అంటాం. అది జారుతోంది. సంచిలో బెండిక్స్ పెట్టుకుని వెళ్ళాను. ఒక్కసారి వెళ్ళి పని ముగించుకుని వచ్చాను.

మిగతా చప్పుళ్ళు కూడా చెబుతాను. "టకటకటక" అని గబగబా కొట్టుకుంటే బ్యాటరీలో బలం లేదు, లేదా బ్యాటరీ బోల్టులు వదులయ్యాయి. అప్పుడు మోటారు జోలికి పోవద్దు. "గర్‌ర్‌ర్" అని ఇనుము నమిలినట్టు ఉంటే పళ్ళు అరిగాయి. "ఊఁ... ఊఁ..." అని ముసలివాడు మెట్లెక్కినట్టు తిరిగితే బ్యాటరీ చూడండి, అది బాగుంటే లోపల ఇరుసును పట్టి ఉంచే బుష్‌లు చూడండి. అసలు చప్పుడే లేకపోతే హెడ్‌లైట్ వేసి తాళం తిప్పండి. లైటు చెక్కుచెదరకుండా వెలుగుతుంటే మోటారుకు కబురే అందడం లేదు, తాళం వైపు తీగలు వెతకండి. ఇక "టిక్" అని ఒకే ఒక్కసారి అని ఊరుకుంటే, అదే అన్నిటికన్నా మోసం చేసే చప్పుడు. లోపల కార్బన్లు, అంటే తిరిగే మోటారుకు కరెంటు అందించే నల్ల ముక్కలు, అరిగి ఉండవచ్చు, కరెంటు కలిపే చోట కాలిపోయి ఉండవచ్చు, ఇంకేదైనా కావచ్చు. కార్బన్లు అరిగినప్పుడు మోటారును రాయితో కొడితే ఒకసారి తిరుగుతుంది. అందుకే మా వైపు జీపుల్లో సీటు కింద గుండ్రాయి ఒకటి తప్పకుండా ఉంటుంది. కొత్తగా పని నేర్చుకునేవాళ్ళు ముందు ఆ రాయి ఉందో లేదో చూడండి. ఉందంటే రోగం ఎప్పటినుంచో ఉంది.

ఇద్దరు గురువులు

పామేడు దగ్గరి పల్లె నుంచి బీజాపూర్‌కు కూలికి వచ్చినప్పుడు నేను గ్యారేజీలో నీళ్ళు మోసేదాన్ని. తర్వాత సామాను డీజిల్లో కడిగేదాన్ని. అక్కడి ఉస్తాద్ పేరు కరీం భాయి. నోరు చెడ్డది. కోపం వస్తే పానా విసిరేవాడు. మెచ్చుకోవడం ఆయనకు తెలియదు. ఒక రోజు నేను కడుగుతున్న మోటారు చేతితో తిప్పి, "బుష్ పోయింది ఉస్తాద్, ఒక పక్కకు ఊగుతోంది" అన్నాను. ఆయన తిప్పి చూసి పక్కన పెట్టాడు. మర్నాటి నుంచి నీళ్ళ బిందె వేరేవాళ్ళ చేతికి వెళ్ళింది. నాకు అందిన మెచ్చుకోలు అదే.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న గొప్ప పాఠం ఆయన తప్పు నుంచే వచ్చింది. ఒక ట్రక్కుకు సంత హడావుడిలో చూడకుండానే కొత్త సెల్ఫ్ వేయించాడు. ట్రక్కు మర్నాడు అదే రోగంతో తిరిగి వచ్చింది. చూస్తే బ్యాటరీ బోల్టు కింద తెల్లటి బూజు, దాని మీద నున్నగా గ్రీజు. కరెంటును ఆపింది ఆ బూజే. కరీం భాయి ట్రక్కు ఎక్కి, అందరికీ వినపడేలా, "ఈ షెడ్డులో గాడిద ఒకటే ఉంది, దాని పేరు కరీం" అని అరిచాడు. తర్వాత కిందికి దిగి మామూలుగా మమ్మల్ని తిట్టడం మొదలుపెట్టాడు. పానా విసిరిన చేతిని నేను క్షమించలేదు గానీ, ఆ అరుపును మాత్రం మరిచిపోలేదు. తప్పును అలా గట్టిగా చెప్పగల పెద్దమనిషి దొరికితే ఆ షెడ్డు వదలకండి.

తర్వాత బచేలీలో గనుల కాంట్రాక్టు బండ్లు చూసే సూర్యారావు గారి దగ్గర పని చేశాను. ఆయనది విజయనగరం వైపు. మెత్తటి మనిషి, పనిలో నెమ్మది. కరెంటు కొలిచే మీటరు పట్టడం ఆయనే నేర్పారు. "మీటరు అబద్ధవాడదమ్మా. మనవే తప్పుచోట పెట్టి అడుగుతాం" అనేవారు. వాళ్ళావిడ క్వార్టర్ అరుగు మీద సాయంత్రాలు నాకు తెలుగు అక్షరాలు దిద్దించారు. అప్పటికే నలభై దాటిన దాన్ని. ఆ వేళ్ళకు బలపం కన్నా పానాయే తేలిక. మొదటి వాక్యం రాయమంటే "టకటకటక" అని రాసి చూపించాను. ఆవిడ నవ్వారు. అది నాకు నిజంగా అవసరమైన మాట. అప్పటిదాకా చెవిలోనే ఉన్న చప్పుడు పలక మీద కనిపించింది.

ధక్కా గాడీ

నేను షెడ్డు మూసెయ్యడానికి ముందు సంవత్సరం ముత్తి వచ్చింది. బాసగూడ వైపు అమ్మాయి, దోర్ల కుటుంబం. పాత సవారీ జీపు ఒకటి కొని తనే నడిపేది. ఆ దారిలో జీపు నడిపే ఆడది ఆమె ఒక్కతే. చింతపండు సీజన్‌లో చుట్టుపక్కల ఆడవాళ్ళంతా గంపలతో ఆవపల్లి సంతకు ఆమె జీపులోనే పోయేవాళ్ళు. మొగవాళ్ళ జీపుల్లో గంపల మీద కాళ్ళు పెడతారు, ముత్తి పెట్టనివ్వదు. అదీ ఆమె బలం.

ఆ జీపు సంతకు మంచిగా పోయేది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం లేచేది కాదు. ఉతార్ మీద చోటు ఆమెకు చివరనే దొరికేది, దొర్లడానికి వాలు చాలక సవారీలు, అంటే ఎక్కినవాళ్ళు, దిగి తోసేవాళ్ళు. శంభు అని ఇంకో జీపు డ్రైవర్ ఉండేవాడు. వాడు ముత్తి జీపుకు ధక్కా గాడీ, అంటే తోస్తే గానీ కదలని బండి, అని పేరు పెట్టాడు. "టికెట్ కొనండి, తొయ్యడం ఫ్రీ" అని సంత నడుమ అరిచేవాడు. జనం నవ్వేవాళ్ళు. చివరికి ముత్తి సవారీల్లో పెద్దది, సోమ్లక్క, తేల్చి చెప్పింది: "ముత్తీ, నువ్వంటే మాకు ప్రేమే. నడుములకు లేదు కద. వచ్చే సంతల గూడ తోపిస్తే, సీజన్ అయిపొయ్యేదాక శంభు బండే ఎక్కుతం."

సవారీలు ఒకసారి పోతే తిరిగిరారు. ముత్తికి అది తెలుసు. నా షెడ్డు ముందు జీపు ఆపి, దిగకుండా స్టీరింగు పట్టుకునే కూర్చుంది.

"ఎట్ల అంటది?" అని అడిగాను.

"టిక్. అంతే. ఒక్కోపాలి అది గూడ అనదు. చల్లగున్నప్పుడు మంచిగనే లేస్తది."

"ఇప్పటిదాక ఏమేం మార్చిండ్రు?"

"బ్యాటరీ మార్చిన. సెల్ఫ్ మార్చిన. ఇగ మార్చెటందుకు నేనే మిగిలిన."

చూపించిన ప్రతిచోటా ఒకటే కథ. మిస్త్రీ జంపర్ వైర్లు తెచ్చి ఇంకో బ్యాటరీ తగిలిస్తాడు. జీపు వెంటనే లేస్తుంది. అయితే నీ బ్యాటరీ పోయింది అంటాడు. కొత్త బ్యాటరీతో నాలుగు రోజులు నడిచి మళ్ళీ టిక్ అంటుంది. అప్పుడు సెల్ఫ్ పోయింది అంటారు. వాళ్ళు పని రానివాళ్ళేమీ కాదు. ఆ జీపు వేడి మీద ఉండగానే నేను కూడా జంపర్ వైర్లే తగిలించాను. తాళం తిప్పగానే లేచింది.

"చూసినవా అక్కా," అంది ముత్తి. "మిస్త్రీల ముంగట బుద్ధిమంతురాలు. సంతలనే నా పరువు తీస్తది."

జీపు ఆపించి, చాయ్ తెప్పించాను. తోచనప్పుడు పానా పట్టుకోకుండా చాయ్ తాగడం మేలు. రెండు గుటకలు తాగి ముత్తి, ఏదో గుర్తొచ్చినట్టు, "ఆక్సిలేటర్ కేబుల్ గూడ ఒకటి మార్చాలె. ఇది మూడోది. పైనున్న ప్లాస్టిక్ కాలిపోతుంటది, ఎందుకో" అంది.

నేను గ్లాసు కింద పెట్టేశాను.

రంగు కింద

ఆక్సిలేటర్ కేబుల్ అంటే కాలితో తొక్కే పెడల్ నుంచి ఇంజనుకు పోయే సన్నటి ఇనప తీగ. సైలెన్సర్‌కు దూరంగా ఉంటుంది. అది కాలడానికి కారణమే లేదు. బానెట్ ఎత్తి, ఆ కేబుల్ మీద వేళ్ళు ఆనించి, జంపర్ లేకుండా తాళం తిప్పమన్నాను. టిక్. ఇంకోసారి. టిక్. వేళ్ళ కింద కేబుల్ పెనం కాడలా చురుక్కుమంది.

దీని అర్థం చెబుతాను, జాగ్రత్తగా వినండి. బ్యాటరీ నుంచి కరెంటు లావు తీగలో సెల్ఫ్‌కు పోతుంది. పోయినది తిరిగి బ్యాటరీకి రావాలి. వచ్చే దారి ఇంజను ఒళ్ళు, అక్కడి నుంచి ఎర్త్ పట్టీ, దాని మీదుగా బండి ఛాసీ, అంటే అడుగున ఉండే ఇనప చట్రం. ఎర్త్ పట్టీ అంటే జడలా అల్లిన రాగి పట్టీ, ఇంజనును ఛాసీకి కలుపుతుంది. అక్కడ దారి మూసుకుపోతే కరెంటు ఇంకో దారి వెతుక్కుంటుంది. వాగు మీద వంతెన కూలితే జనం తాటి దుంగ మీద దాటుతారు కదా, అలాగ. ముత్తి జీపులో తాటి దుంగ ఆ ఆక్సిలేటర్ కేబుల్. అంత జనం ఒక్కసారి ఎక్కితే దుంగ ఆగుతుందా?

జంపర్ పెడితే ఎందుకు లేచింది మరి? జంపర్ నల్ల వైరును మేమంతా ఇంజను ఒంటికే కరిపిస్తాం, చేతికి దగ్గరగా ఉంటుందని. అంటే తెలియకుండానే కొత్త వంతెన కడుతున్నాం. పేరు మాత్రం రెండో బ్యాటరీకి వస్తోంది.

సూర్యారావు గారు చెప్పినట్టు మీటరును సరైన చోట పెట్టి అడిగాను. ఒక ముల్లు బ్యాటరీ మైనస్‌కు, ఇంకో ముల్లు ఇంజను ఒంటికి. ముత్తి తాళం తిప్పింది. సున్నాను అంటుకుని ఉండాల్సిన అంకె ఎగిరి కూర్చుంది. దారి మూసుకుంది అక్కడే.

ఎర్త్ పట్టీని చూస్తే తళతళలాడుతోంది. తెగలేదు, బోల్టు బిగువుగా ఉంది. ఎవరు చూసినా బాగుందనే అంటారు. బోల్టు విప్పాను. పట్టీ కింద, ఛాసీ మీద, వెండి రంగు నున్నగా మెరుస్తోంది.

"ముత్తీ, ఈ రంగు ఎవరు వేసిండ్రు?"

"నేనే," అంది గర్వంగా. "దసరా పూజకు. బండికి తానం చేపిచ్చి, బ్రష్షుతోటి రెండు సార్లు వేసిన."

"బోల్టు కింద గూడనా?"

"బోల్టు విప్పి మరీ వేసిన అక్కా. అమ్మవారి ముంగట నిలబెట్టే బండి, సందులల్ల తుప్పు ఉండొద్దు కద."

పూజ కోసం బండిని కడిగి రంగు వెయ్యడం మా వైపు అందరూ చేస్తారు. మామూలు పెయింటరు అయితే బోల్టు పై నుంచి బ్రష్షు లాగి పోతాడు, అడుగున ఇనుము ఇనుమును అంటుకునే ఉంటుంది. ముత్తిది ప్రేమ. బోల్టు విప్పి, కింద కూడా రంగు వేసి, ఆరాక బిగించింది. రంగులోంచి కరెంటు పోదు. చల్లగా ఉన్నప్పుడు బోల్టుకున్న మరల దారిన కరెంటు ఏదో కొంచెం దాటేది. సంతలో ఎండకు, ఇంజను వేడికి అదీ ఆగిపోయేది.

నేను ఎమరీ పేపర్ తీసి రంగు గోకడం మొదలుపెట్టేసరికి ముత్తి నా చెయ్యి పట్టుకుంది.

"గోకకు అక్కా! అందం పోతది!"

"అందం బయట ఉండనీ. గీ పైసంత జాగ నాకియ్యి."

రెండు పక్కలా ఇనుము తెల్లగా తేలేదాకా గోకి, పట్టీ బిగించి, పైన మాత్రమే గ్రీజు రాశాను. కాలిన కేబుల్ మార్చాను. జీపును ఊరంతా తిప్పి వేడెక్కించి తెమ్మన్నాను. మధ్యాహ్నపు ఎండలో తెచ్చి నిలబెట్టింది. ఆపింది. తాళం తిప్పింది. సెల్ఫ్ "ఖయ్" అని ఒక్క పట్టు పట్టింది, ఇంజను లేచింది. ముత్తి మళ్ళీ ఆపింది, మళ్ళీ లేపింది. పది నిమిషాల పాటు అదే పని. నేను "బ్యాటరీ తింటవా ఏంది, ఇగ చాలు" అంటే గానీ ఆపలేదు.

ఎగువకు

ఆ వారం సంతకు నేను కూడా ముత్తి జీపు ఎక్కాను. చింతపండు కొనాలని ఇంట్లో చెప్పాను. అసలు సంగతి ఎవరికైనా తెలుసు.

ఆవపల్లి సంత దగ్గర రోడ్డు కిందికి వాలుగా దిగుతుంది. జీపులన్నీ అక్కడ మూతులు కిందికి పెట్టి, చక్రాలకు రాళ్ళు పెట్టుకుని వరసగా నిలబడి ఉన్నాయి. శంభు జీపు కూడా వాటిలోనే ఉంది. వాడు తన పక్కన ఉన్న ఖాళీ చోటు చూపించి, "ఆవో ఆవో, ధక్కా గాడీ! నీ కోసం జగా పెట్టిన" అని చెయ్యి ఊపాడు.

ముత్తి ఆ చోటు దాటి కిందిదాకా పోయింది. అక్కడ బండి తిప్పింది. తిప్పి, వాలు నడుమకు వచ్చి, మూతి ఎగువకు పెట్టి హ్యాండ్‌బ్రేకు లాగింది. ఇంజను ఆపేసింది. సెల్ఫ్ లేవకపోతే ఆ చోటు నుంచి బండిని కదపడం ఏనుగుల వల్ల కూడా కాదు. నేను ఆ మాట చెప్పలేదు, ఎక్కడ ఆపాలో కూడా చెప్పలేదు. ఆమె నా వైపు చూడలేదు.

సంత ముగిసే వేళకు జీపు ఎండలో మాడి ఉంది. ఆడవాళ్ళు కొన్న సామాను లోపల వేసి, అలవాటు ప్రకారం వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. శంభు చెట్టు కింద నుంచి లేచి వచ్చాడు. ఇంకొందరు డ్రైవర్లూ మూగారు.

"ఏమే ముత్తీ," అంది సోమ్లక్క, చీర కొంగు నడుముకు చెక్కుకుంటూ. "గిప్పటిదాక కిందికి తోపిచ్చినవ్. గిప్పుడు మీదికి తోపిస్తవా? నీకు దయ లేదానే?"

అన్నదే గానీ, సోమ్లక్క కూడా రెండు చేతులూ జీపు వెనక తలుపుకు ఆనించింది. ఆమె పక్కన మిగతావాళ్ళు. కాళ్ళు దన్ను పెట్టి, నడుములు వంచి, "ఊఁ" అనడానికి సిద్ధంగా ఉన్నారు.

ముత్తి తాళం తిప్పింది.

ఖయ్.

జీపు ముందుకు పోయింది. తోస్తున్న చేతులకు జీపు లేదు. నలుగురైదుగురు ఆడవాళ్ళు గాలిని తోస్తూ రెండడుగులు తూలి, ఒకరి మీద ఒకరు పడి, రోడ్డు మీద కూలబడ్డారు. సంతంతా పగలబడి నవ్వింది. కూలబడ్డవాళ్ళే అందరికన్నా ఎక్కువ నవ్వారు.

"చెప్పి లేపొద్దానే పిల్లా!" అని అరిచింది సోమ్లక్క కింద నుంచే. "పండ్లు రాలేటివి!"

"ఉన్న ఒక్క పన్నుకు గంత భయమా అత్తా?" అంది పక్కావిడ.

ముత్తి పైదాకా పోయి ఆపింది. ఆపడమే కాదు, ఇంజను కూడా ఆపేసింది. అందరూ ఎక్కి కూర్చునేదాకా ఆగి, అద్దంలోంచి శంభును చూస్తూ మళ్ళీ తాళం తిప్పింది. ఖయ్. అవసరం లేని పని. నేనైతే ఇంకా రెండుసార్లు చేసేదాన్ని.

జీపు కదలబోతుంటే శంభు పరుగెత్తుకుని నా పక్కకు వచ్చాడు. నవ్వు మొహం పెట్టుకుని, "దీదీ, మేరా భీ దేఖ్ లో" అన్నాడు. నాది కూడా చూడమని.

"ఎట్ల అంటది? నోటితో చెయ్" అన్నాను.

వాడు చుట్టూ చూశాడు. జీపు నిండా ఆడవాళ్ళు. వెనక సంతంతా ఉంది. నా చెవి దగ్గరికి వంగి, "టిక్" అన్నాడు.

"ఏందీ?" అంది సోమ్లక్క వెనక సీట్లోంచి. "ఇనపడలే. జెర గట్టిగ అను!"

శంభు తల గోక్కున్నాడు. ఇక దాచి లాభం లేదనుకున్నాడేమో, గుండె నిండా గాలి పీల్చి, "టిక్!" అని అరిచాడు. జీపులోని ఆడవాళ్ళంతా ఒక్క గొంతుతో "టిక్!" అని తిరిగి అరిచారు. బాసగూడ వచ్చేదాకా అదే పాట.

ఆ సీజన్ మొత్తం ముత్తి జీపులో చోటు దొరకలేదు. శంభు మర్నాడే షెడ్డుకు వచ్చాడు. వాడి బండికి కార్బన్లు పోయాయి, కొత్తవి వేశాను. సీటు కింద గుండ్రాయి నేనే తీసి రోడ్డవతలికి విసిరేశాను. తర్వాత మిగతా జీపులూ ఒకటొకటిగా వచ్చాయి. ఏ రోగంతో వచ్చినా ఎర్త్ బోల్టు కూడా విప్పి, గోకి పంపాను. మీరెప్పుడైనా ఆవపల్లి సంతకు పోతే ఆ వాలు మీద చూడండి. మూతులు ఎగువకు పెట్టి నిలబడ్డ బండ్లు కనిపిస్తాయి. వాటి బానెట్లు ఎత్తితే, ఎర్త్ బోల్టు చుట్టూ పైసంత జాగా రంగు లేకుండా తెల్లగా ఉంటుంది. అక్కడ గోకిన చెయ్యి నాది.